మైపాడు వలకు స్పానిష్ పద్యం

మాడ్రిడ్‌లో నాలుగేళ్లు స్పానిష్ భాష, సాహిత్యం చదివి బి.ఏ. పట్టాతో మా విజయనగరం చేరాను. ఊళ్లో ప్రతివాడూ అడిగింది ఒక్కటే: "దాంతో ఏం చేస్తావు?" అది 1960ల మధ్య కాలం. ఆ ప్రశ్న తప్పించుకోడానికి నెల్లూరులో ఉన్న మిత్రుడి ఇంటికి పారిపోయి, ఒక ఉదయం మైపాడు ఒడ్డున తేలాను.

ఇసుకలో పాతికమంది బెస్తవాళ్లు పెద్దవలను తాళ్లతో లాగుతున్నారు. అందరూ ఒక్క ఊపున లాగేలా పాట చెప్పే మనిషికి జ్వరమట, రాలేదు. ఒకరు లాగినప్పుడు ఇంకొకరు ఊపిరి పీల్చుకుంటున్నారు. తాడు చివరనున్న పోలయ్య అనే పెద్దాయన నన్ను చూసి, "ఏం జదివినారు సారూ?" అన్నాడు. చెప్పాను.

"దాంట్లో పద్యాలుండాయా?"

"బోలెడు."

"అయితే ఒకటి చెప్పండి. అర్థం అడగంలే."

సముద్రం మీద కవిత ఒకటి అందుకున్నాను. ప్రతి పాదం చివరా అందరూ "ఐలెస్సా" అని ఒక్క ఊపున లాగారు. వల ఒడ్డెక్కింది.

పంపకాల్లో పోలయ్య నా ముందూ ఒక కుప్ప కవళ్ల చేపలు పోశాడు. నేను తాడే ముట్టుకోలేదన్నాను.

"పాట చెప్పినోళ్లకి ఎప్పుడూ ఒక వాటా ఉండాది సారూ."

నా పట్టాకు అదే తొలి సంపాదన.

కవిత చదివేటప్పుడు గొంతు తగ్గించమని మా ప్రొఫెసరు నాలుగేళ్లూ బతిమాలాడు. రెండో వలకు తాడు అందుకుంటూ పోలయ్య అన్నాడు:

"ఈసారి ఇంకాస్త గట్టిగా చెప్పండి సారూ, వల బరువుగా ఉండాది."