ఆఫ్రికా తలుపు

2014 వానాకాలం. గడ్డపోతారంలోని ఒక మందుల కంపెనీలో, స్టెబిలిటీ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. బయట ముసురు, రోడ్డంతా లారీలు తొక్కిన బురద. లోపల మాత్రం ఏ కాలం కావాలంటే ఆ కాలం నా చేతికింద ఉండేది. ఒక తలుపు తీస్తే ఉక్క, పక్క తలుపు తీస్తే వణుకు. ఆ మాట చెబితే "దేవుని కొలువు దొరికింది నీకు" అని మా అమ్మ నవ్వేది.

స్టెబిలిటీ చాంబర్ అంటే చిన్న గది అంత ఉండే ఉక్కు బీరువా. మందు ఏ దేశానికి పోతుందో ఆ దేశపు వేడిని, తేమను అందులో నెలల తరబడి నిలబెడతాం. మాత్రల సీసాలు అందులో పెట్టి, గడువు ప్రకారం తీసి పరీక్షిస్తాం. అక్కడ తట్టుకుంటే ఆ దేశంలోనూ తట్టుకుంటుందని లెక్క. చాంబర్లకు నంబర్లున్నా నంబర్లతో ఎవరూ పిలిచేవారు కాదు. ఇరవై అయిదు డిగ్రీలది యూరప్. ఫ్రిజ్ లాంటిది కాశ్మీర్. ముప్పై డిగ్రీల వేడి, నూటికి డెబ్బై అయిదు పాళ్ల తేమ ఉండేది ఆఫ్రికా. ఎవరో సరదాగా ఆ పేర్లతో స్టిక్కర్లు కూడా అంటించారు. ఎండాకాలం మధ్యాహ్నం అందరికీ కాశ్మీర్‌లోనే పని ఉండేది. ఆఫ్రికాకు మాత్రం పిలిచినా ఎవరూ వచ్చేవారు కాదు.

ఆ ఏడే ఇథియోపియా నుంచి ఫిర్యాదు వచ్చింది. చిన్నపిల్లలకు నిమ్ము చేసినప్పుడు నీళ్లలో కరిగించి తాగించే మాత్ర అది. సీసాల్లో పంపితే అక్కడికి వెళ్లేసరికి ఉబ్బి, మెత్తబడి, ఒకదానికొకటి అంటుకుపోయాయట. మేం రిటెయిన్డ్ శాంపిల్స్ తీసి చూశాం. అంటే ప్రతి బ్యాచ్ నుంచి మా దగ్గర దాచిపెట్టే సీసాలు. గోటితో నొక్కినా నలగలేదు. ఆఫ్రికా చాంబర్‌లో ఉన్నవీ అంతే గట్టిగా ఉన్నాయి. మా క్వాలిటీ మేనేజర్ ప్రసాద్ గారు ఊపిరి పీల్చుకున్నారు.

"మన తప్పేం లేదమ్మా అనూరాధా. వాళ్లు సరిగ్గా దాచుకోలేదు. అలా రాసి ఫైలు మూసేద్దాం" అన్నారు.

ఫైలు మూస్తే గోడౌన్‌లో సిద్ధంగా ఉన్న తర్వాతి సరుకు అవే సీసాల్లో బయల్దేరుతుంది. అది ఆగాలంటే తప్పెక్కడుందో చూపించాలి. అది చూపిద్దామనే అక్కడి నుంచి ఒక ఫార్మసిస్ట్ వచ్చింది. పేరు అల్మాజ్. నలభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉండేది. కొండప్రాంతపు ఆరోగ్య కేంద్రాలకు మందులు చేర్చడం ఆమె పని. మేం ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం.

ల్యాబ్‌లోకి రాగానే ఆమె కళ్లు ఆ స్టిక్కర్ మీద పడ్డాయి. తలుపు తీయించి, లోపల నిలబడి, ముఖం మీద పట్టిన చెమట తుడుచుకుంది.

"ఇందులో మా ఊరు ఏ మూలన ఉంది?" అని అడిగింది.

వేళాకోళమో కోపమో తెలియక నేను నవ్వబోయి ఆగిపోయాను. "మీది వేడి దేశం కదా" అన్నాను.

ఆమె కుర్చీ మీదున్న నా తెల్లకోటు తీసి బల్ల మీద పరిచింది. కిందినుంచి పిడికిలితో మధ్యలో ఎత్తింది. "ఈ అంచు సముద్రం. పక్క దేశంలో మా ఓడలు ఆగే రేవు ఇక్కడ. మీ సీసాలు ఇనుప పెట్టెల్లో, ఈ ఉక్కలో వారాలు పడి ఉంటాయి. ఇది చెట్టు లేని పల్లపు నేల, నిప్పుల మీద నడిచినట్టుంటుంది. ఇక్కడి నుంచి లారీ ఎక్కుతూనే ఉంటుంది. పైన బల్లలాంటి నేల. మేం ఉండేది అక్కడ. రాత్రి చలికి పశువులను కూడా ఇంట్లోనే కట్టేసుకుంటాం."

"మరి అంత చలిలో ఎందుకు, కింద ఉండొచ్చు కదా?" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే ఎంత తెలివితక్కువ ప్రశ్న అనిపిస్తుంది.

"కింద వాన లేదు, దోమ ఉంది. పైన వాన ఉంది, పంట ఉంది. మా తాతలు చలిని ఎంచుకున్నారు. చలి, మూసిన తలుపు, పొయ్యి పొగ. అందుకే మా పిల్లలకు నిమ్ము చేస్తుంది. అందుకే ఈ మాత్ర కావాలి."

తర్వాత తన సంచిలోంచి పాడైన సీసా ఒకటి తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. "మా తల్లులకు చదువు రాదు. సీసా ఇలా ఊపుతారు. గలగలమంటే బిడ్డకు వేస్తారు. చప్పుడు లేకపోతే చచ్చిన మందని పారేస్తారు. నిరుడు ఇలాగే పారేసి, బిడ్డను వీపున కట్టుకుని పెద్ద ఆసుపత్రికి కొండ దిగింది ఒకామె. దారిలోనే..." అని ఆగిపోయింది.

గాజు సామాన్లు కడిగే బాలమణి అప్పటిదాకా సింక్ దగ్గర నిలబడి చూస్తోంది. ఆమెది గడ్డపోతారమే. కంపెనీలు రాకముందు ఆ నేలలోనే కూలికి పోయేది. "కందికాయ గూడ గట్లనే గద మేడం. ఎండితెనే సప్పుడొస్తది" అంది. నేను అల్మాజ్‌కు ఆ మాట చెప్పాను. ఆమె బాలమణి చేయి పట్టుకుంది.

ఆ సాయంత్రం బస్సులో సంగారెడ్డికి వెళుతుంటే మా నాన్న గుర్తొచ్చాడు. మాది బెల్లం కొట్టు. వానాకాలంలో పగటి ఉక్క మీద బెల్లం డబ్బాకు మూత పెట్టబోతే చేయి పట్టుకుని ఆపేవాడు. "ఉండు బిడ్డా, చల్లగైనంక పెట్టు. ఇప్పుడు మూస్తె తెల్లారేసరికి లోపల్నే చెమట పడతది" అనేవాడు. మూత పెట్టేది నేనే, తిట్లు తినేది నేనే, అయినా ఇన్నేళ్లలో ఆ మాటకు నా ఉద్యోగంలో పని పడుతుందని అనుకోలేదు. సముద్రం దగ్గర తేమ తాగిన సీసా కొండమీది చలికి చేరితే, పట్టే చెమట లోపలే పడుతుంది. మేం మాత్రను ఒకే గదిలో కూర్చోబెట్టి పరీక్షించాం. అది మాత్రం ప్రయాణం చేసింది.

మర్నాడు ప్రసాద్ గారి గదికి వెళ్లాను. "సీసాలను పగలు ఆఫ్రికాల, రాత్రి కాశ్మీర్ల పెడత సార్."

"అది ప్రోటోకాల్‌లో లేదమ్మా. ఎక్కడైనా వేడి దేశానికి చలి పరీక్ష చేస్తారా?"

ప్రసాద్ గారిది భీమవరం వైపు. ఇక్కడ డిసెంబర్ వస్తే చాలు, చెవులకు మఫ్లర్ చుట్టుకుని గానీ గది దాటేవారు కాదు. "సార్, మీరిక్కడికి వచ్చేటప్పుడు మీ ఇంట్ల స్వెటర్ పెట్టిన్రా?" అని అడిగాను.

"లేదు. ఇక్కడికొచ్చాకే ఇది మా గోదావరి చలి కాదని తెలిసింది. మొదటి చలికాలం మంచం పట్టాను" అన్నారాయన. తర్వాత ఖాళీ ప్రోటోకాల్ కాగితం నా వైపు జరిపారు. "రాయకుండా చెయ్యకు. రాసి చెయ్యి. అప్పటిదాకా సరుకు కదలనివ్వను." పై వాళ్లతో ఆయన పడ్డ మాటలు గోడవతల నుంచి నాకూ వినిపించాయి. నా దగ్గర మాత్రం ఎత్తలేదు.

అల్మాజ్ వెళ్లిపోయింది. మేం పొద్దున షిఫ్ట్ వాళ్లం సీసాలను ఉక్కలోకి మార్చడం, రాత్రి షిఫ్ట్ వాళ్లు చలిలోకి మార్చడం. ల్యాబ్ అంతా మమ్మల్ని చూసి "కొండెక్కిస్తున్నరా, దింపుతున్నరా?" అని ఆటపట్టించింది. వారాలు గడిచాయి. ఒక పొద్దున బాలమణి అడగకుండానే ఒక సీసా తీసుకుని చెవి దగ్గర ఊపింది. ఆమె ముఖం మారిపోయింది.

"సప్పుడు లేదు మేడం."

మూత తీసి చూస్తే మాత్రలన్నీ ముద్దయి ఉన్నాయి. పరీక్ష ఫలించిందని సంతోషించాలో, అవే మాత్రల మీద ఆ తల్లులు ఆశ పెట్టుకున్నారని బాధపడాలో తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది. గోడౌన్‌లోని సరుకు సీసాల నుంచి బయటికొచ్చింది. కొత్త మాత్రలను అల్యూమినియం స్ట్రిప్పుల్లో, ఒక్కోదాన్ని దాని గూట్లో మూసి, అదే ఎక్కడం దిగడం మళ్లీ చేయించి, నిలబడ్డాకే పంపాం. ఆ సాయంత్రం ఆఫ్రికా స్టిక్కర్‌ను గోటితో గీకేశాను. జిగురు మరక అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు అమీన్‌పూర్‌లో ఉంటున్నాను. ఆ కొలువు మానేసి చాలా కాలమైంది. అయినా గడ్డపోతారం వైపు వెళితే ఆ తలుపులు, ఆ ఉక్క, ఆ వేళాకోళాలు అన్నీ ప్రాణానికి హాయిగా గుర్తొస్తాయి. ఆ పనిలో ఏం నేర్చుకున్నారని మందుల కంపెనీల్లో కొత్తగా చేరిన ఆడపిల్లలు అడుగుతుంటారు. పటం మీద ఒకే రంగు పూసినంత మాత్రాన అక్కడ ఒకే కాలం ఉండదని చెబుతాను. ఏ చలి బిడ్డకు జబ్బు తెచ్చిందో ఆ చలే బిడ్డ మందునూ పాడుచేస్తుందని, మందు చేసేవాళ్లు ఆ దారంతా మనసులో నడవాలని చెబుతాను. అయితే అదంతా నాకు ఒక ఫోన్ కాల్‌తో అర్థమైంది.

స్ట్రిప్పులు వెళ్లాక వచ్చిన చలికాలంలో, లంచ్ వేళ అల్మాజ్ ఫోన్ చేసింది. ఏదో కొండమీది కేంద్రంలో ఉంది. వెనక గాలి హోరు, ఒక పసిబిడ్డ దగ్గు. "ఈ తల్లి మీకేదో వినిపిస్తానంటోంది" అంది.

నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. అవతల ఎవరో స్ట్రిప్పును ఫోన్ దగ్గర పెట్టి ఊపారు. సన్నగా, స్పష్టంగా, గలగల.

బాలమణి చెయ్యి కడుక్కోకుండానే వచ్చి ఫోన్ మీదికి వంగింది. మళ్లీ ఊపమంది. మళ్లీ వింది.

"మంచిగ ఎండింది. ఇగ ఎయ్యమనున్రి బిడ్డకు" అంది.