కోడిపిల్లలచేత కూడా ఉపవాసం చేయించాను

సహోదరులారా, నా భర్తకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయిన ఏడాది మా ఇంట్లో పొయ్యి వెలిగిన రోజులకంటే వెలగని రోజులే ఎక్కువ. మాది చిట్టమూరు దగ్గర పల్లె. బ్లాకు ఆఫీసువాళ్ళు నన్ను చూసి జాలిపడి, మాంసానికి తొందరగా ఎదిగే తెల్ల కోడిపిల్లలను ఇచ్చి, వీటిని బతికించి చూపిస్తే ప్రతి విడతా నీకే ఇస్తాం, లేకపోతే ఇంకొకరికి ఇస్తాం అన్నారు. ఆ పిల్లలే మాకు అన్నం!

కార్తీకం దాటగానే ముసురు పట్టింది, సముద్రపు గాలి తడికెల్లోంచి దూసుకొచ్చింది, పిల్లలు చలికి ఒకదానిమీద ఒకటి ఎక్కి ముద్దగా ఒదిగి తెల్లవారేసరికి పదీ పన్నెండూ చచ్చి పడి ఉండేవి. నేను ఓడిపోయే మనిషిని కాను. పూర్వం ఒక రాజు మనుషులతోపాటు పశువులను కూడా ఉపవాసం ఉంచాడని మందిరంలో విన్నదాన్ని, మూడు రోజులు ఉపవాసం పట్టి, కోళ్ల మేత తొట్టి కూడా బోర్లించాను! "ప్రభువా, మేమందరం నీ ముందు పస్తున్నాం, ఈ చలిని ఆపు" అని మోకాళ్ళమీద పట్టుబట్టాను. రెండో రోజు ఇంకా ఎక్కువ చచ్చాయి, నేను ఇంకా గట్టిగా ప్రార్థించాను. ఎంత మూర్ఖురాలిని!

మూడో రోజు ఉదయం నా భర్త మంచం దగ్గరికి వెళితే దుప్పటి కింద కిచకిచలు వినబడ్డాయి. తీసి చూస్తే పిల్లలు! నేను ప్రార్థనలో ఉండగా ఆయన వెనక పాకలోకి పాక్కుంటూ వెళ్ళి, చేతికి అందినన్ని తెచ్చుకున్నారు, ఆసుపత్రివాళ్ళు తన ఒంటి సత్తువకని ఇచ్చిన చేపనూనెను తన నూకల జావలో కలిపి ఎడమ చేత్తో వాటికి తినిపిస్తున్నారు. నా ఉపవాసం చెడగొట్టారని అరిచాను.

ఆయన తడబడే నాలుకతోనే, "ఉపవాసం నువ్వు పట్టినావు మే, అవి పట్టలా. ఈ చలికి కడుపులో ఏదన్నా పడాల గదా" అన్నారు.

సహోదరులారా, నేను అడిగిన జవాబును ప్రభువు ఆ మంచంమీదే ఉంచాడు! "తండ్రీ, నా మొండితనాన్నే భక్తి అనుకున్నాను, క్షమించు" అని ఏడ్చి, లేచి తొట్టి తిప్పాను. నూకలూ తవుడూ ఉడికించి, బెల్లం, చేపనూనె కలిపి వెచ్చగా పెట్టాను, తడికెలకు గోనెసంచులు కట్టాను. ఆనాటి నుండి ఒక్క పిల్ల కూడా చావలేదు, దేవునికే మహిమ! ఆఫీసువాళ్ళు వచ్చి మిగిలినవాటి ఎదుగుదల చూసి, ఏం పెట్టావో రాసుకుని, మరుసటి విడత మాకే ఇచ్చారు.

ఆయన కుడి చేయి ఇంకా లేవలేదు. ఎడమ చేత్తోనే మేత కలుపుతారు, నేను అడుగుతూనే ఉన్నాను, అడగడం మానను! మీరు కూడా నా దేవుణ్ణి నమ్మండి, గట్టిగా నమ్మండి. కానీ మిమ్మల్ని నమ్ముకున్న ప్రాణికి ముందు ఇంత మేత పెట్టి, అప్పుడు వెళ్ళి మోకరించండి.