మెట్ల కింద చీల

మా మావయ్య నాలుగొందల కిలోమీటర్ల దూరంలో తన ఇంట్లో కూర్చునే, ఒక గ్రంథాలయం మెట్లని ముప్పయ్యేళ్ళపాటు కూలకుండా పట్టుకున్నాడు. అదీ కంటిమీద కునుకు లేకుండా. నమ్మనివాళ్ళు మానెయ్యండి. నేను చదువు మానేసింది ఇలాంటివి నమ్మని మేష్టార్ల వల్లే.

ఆయన వడ్రంగి. నేను మేనల్లుణ్ణి, ఆయన ప్రయాణాలకి సంచులు మోసేవాణ్ణి. ఊరెళ్తే జనం సముద్రం చూస్తారు. ఈయన సముద్రానికి వీపు పెట్టి పడవలు కట్టేవాళ్ళ దగ్గర చతికిలబడతాడు. కోతమిల్లు చప్పుడు వినబడితే బస్సు దిగిపోతాడు. మ్యూజియంలో రాజుగారి కత్తివైపు కన్నెత్తడు. రాజుగారి కుర్చీ కిందకి దూరి అతుకులు చూస్తాడు. ఒకసారి కాపలావాడు కాళ్ళు పట్టి బయటికి లాగితే, "అడుగున చిత్రికే పట్టలేదయ్యా!" అని వాడికే ఫిర్యాదు చేశాడు.

అలాంటి మనిషికి ఒక్క ఊరు పేరెత్తితే మాత్రం నడుంనొప్పి వచ్చేది. ఆ ఊరి గ్రంథాలయంలో, పని నేర్చుకునే రోజుల్లో మేస్త్రితో కలిసి ఆయన కట్టిన చెక్కమెట్లున్నాయి. ఈసారి అత్తయ్య వదల్లేదు.

"ఊళ్ళోవాళ్ళ కుర్చీలన్నీ చూపించారు, మీ చేత్తో చేసింది చూపించడానికేం రోగం?"

బస్సులో నా దగ్గర కక్కేశాడు. "ఒరే, ఆఖరిరోజు మెట్లపక్క చేత్తో పట్టుకునే గుంజ ఒకటి చీలిపోయింది. మేస్త్రి భోజనానికెళ్ళాడు. తిడతాడని పచ్చిచెక్కతో ఇంకోటి చేసి, ఎండిన మెట్టు కన్నంలో దిగ్గొట్టేశాను. పచ్చిది ఎండితే సన్నబడుతుంది, కన్నం అంతే ఉంటుంది. ఈపాటికి ఊగుతూ ఉంటుంది. ఎవరన్నా ఆనుకుంటే..."

"ఎవరన్నా పడుంటే పోలీసులు ఎప్పుడో వచ్చేవాళ్ళులే మావయ్యా."

"నోర్ముయ్."

మెట్లున్నాయి. మేం వెళ్ళేసరికి ఏడో మెట్టు దగ్గర ఒక పెద్దావిడ సరిగ్గా ఆ గుంజమీదే బరువంతా వేసి చెప్పు సర్దుకుంటోంది. మావయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ వెళ్ళగానే గుంజని రెండు చేతులా పట్టి ఊపాడు. కదల్లేదు. నన్ను ఊపమన్నాడు. ఏనుగుని పడేసే చేతులు నావి, అయినా కదల్లేదు.

అంతే, మెట్ల కిందకి దూరిపోయాడు.

"ఏమండీ, లేవండీ! అందరూ చూస్తున్నారు!" అని అత్తయ్య.

పైకి ఆయన కాళ్ళే కనిపిస్తున్నాయి. కాసేపటికి లోపల్నుంచి నవ్వు వినబడింది.

నేనూ దూరాను. మెట్టు అడుగున బయటికొచ్చిన గుంజ మొన మధ్యలో, మొన విచ్చుకుని కన్నంలో బిగిసిపోయేలా కొట్టిన నల్లటి చెక్క చీల. దాని తల గోరు తీసినట్టు గుండ్రంగా చెక్కి ఉంది. అలా చెక్కే అలవాటు మేస్త్రి ఒక్కడికేనట. అంటే పెద్దాయన అన్నీ చూశాడు. గుంజ ఎండేదాకా ఆగి, మళ్ళీ ఇంత దూరం వచ్చి, చీల కొట్టి వెళ్ళాడు. తను చనిపోయేదాకా శిష్యుణ్ణి ఒక్క మాట అనలేదు.

"ముసలాడు చూశాడురా!" అంటూ మావయ్య బయటికొచ్చాడు. మీసం నిండా బూజు. తిరుగు బస్సులో ఆయన గురకకి కిటికీ అద్దాలు రాలిపోయాయి.

ఇదంతా రాసి చదివి వినిపిస్తే, మావయ్య ఉలి నూరుకుంటూ తలెత్తకుండా అన్నాడు:

"అరవై కిలోమీటర్లేరా. నిద్రా పట్టేది. మెట్లని పట్టుకుంది నేను కాదు, మేస్త్రి చీల."