చిన్నతల్లి వినందే ఉత్తరం కదలదు

గౌరీశంకరం గారు పదమూడేళ్ళలో చింపిన ఉత్తరాలను వరుసగా పరిస్తే అమలాపురం నుంచి రావులపాలెం దాకా లారీలు నేల తగలకుండా కాగితాల మీదే వెళ్ళిపోవచ్చు. మరీ అంత దూరం కాదంటే, సరే, ఊరి పొలిమేర దాకా అనుకుందాం. అదీ ఎక్కువే అంటే, కంపెనీ గుమ్మం నుంచి రోడ్డు మీది టీ బడ్డీ దాకా వస్తాయన్నది మాత్రం శ్రీవిద్య ప్రమాణం చేసి చెప్పగలదు. వాటిలో సగం ఈ ఒక్క ఏడాదిలో ఆ అమ్మాయి రాసినవే.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే. అమలాపురం కాలవగట్టునున్న కొబ్బరి కంపెనీ నుంచి బయటికెళ్ళే ప్రతి ఉత్తరాన్నీ ముందు చిన్నతల్లికి చదివి వినిపించాలి. ఆవిడ విని, తన మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పగలిగితే మేనేజరు గౌరీశంకరం గారు తన సొరుగులోంచి కంపెనీ ముద్ర తీసి వేస్తారు. చెప్పలేకపోతే కాగితాన్ని నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి బుట్టలో వేస్తారు. ఇప్పుడన్నీ మెయిళ్ళే కదండీ, చింపడానికేముంది అంటే, ప్రింటు తీయించి మరీ చింపుతారు.

చిన్నతల్లి యాభై దాటిన మనిషి. అక్షరం ముక్క రాదు. మేనేజరు గదిలో బీరువా పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని వినడమే ఆవిడ ఉద్యోగం. హాజరు పట్టీలో ఆవిడ పేరుకెదురుగా ‘శ్రోత’ అని ఉంటుంది. జిల్లా మొత్తం మీద జీతం తీసుకుని వినే మనిషి ఆవిడొక్కతే. మిగతావాళ్ళంతా ఊరికే వింటున్నారు.

శ్రీవిద్య కాకినాడలో ఎంబీఏ చదివి, హైదరాబాదులో రెండేళ్ళు చేసి, తిరిగొచ్చి ఈ కంపెనీలో చేరింది. రోజూ ముమ్మిడివరం నుంచి బస్సులో నిలబడి వస్తుంది. చేరిన మొదటి రోజే ఇండోర్‌లోని ఒక షావుకారుకి జవాబు రాయాల్సి వచ్చింది. లారీ ఆలస్యంగా చేరిందనీ, కాయలు తడిసి పాడయ్యాయనీ ఆయన ఫిర్యాదు. శ్రీవిద్య అరగంటలో రాసేసింది. “అనివార్య కారణాల వల్ల సరుకు నాణ్యతలో ఏర్పడిన లోపానికి తీవ్రంగా చింతిస్తున్నాము. ఇటువంటివి పునరావృతం కాకుండా తగు చర్యలు తీసుకోబడును.” దీన్ని ఇంగ్లీషులో పెట్టి పంపడమే తరువాయి అనుకుంటుండగా గౌరీశంకరం గారు ముక్కాలిపీట వైపు చూపించి చదవమన్నారు.

చదివింది. చిన్నతల్లి శ్రద్ధగా విని, “ఆయ్” అంది.

శ్రీవిద్య కాగితం మడవబోయింది. గౌరీశంకరం గారు చెయ్యి అడ్డం పెట్టారు. ఈ జిల్లాలో ఆయ్ అంటే అర్థమైందని కాదనీ, మర్యాద చేశారనీ, దాన్ని నమ్ముకుని ఎందరో పాడైపోయారనీ చెప్పి, చిన్నతల్లి వైపు తిరిగారు.

“ఆయ్ సరే. ఏం చెప్పేరమ్మా అందులో?”

“ఎవరో పోయేరండీ బాబుగారూ,” అంది చిన్నతల్లి దిగులుగా. “పోయినాయన పేరు చెప్పట్లేదు గానీ, ఈళ్ళు మాత్రం బాగా బాధపడిపోతున్నారండి.”

ఉత్తరం నిలువునా చిరిగింది. తర్వాత అడ్డంగా చిరిగింది.

చింపేటప్పుడు ఆయన మొహంలో కోపం ఉండదు. ఎక్కడో ఉన్న పలివెల ఊరి నుంచి నడిచొచ్చినవాడికుండే అలసట ఉంటుంది. కళ్ళజోడు తీసి, కళ్ళు నలుపుకుని, “ఈ వాక్యంలో కాసేపు కూర్చుందామంటే ఎక్కడా అరుగు లేదమ్మా” అన్నారు. అనివార్య కారణమంటే ఏమిటని అడిగారు. వాన అని చెప్పింది శ్రీవిద్య. మరి వాన అని రాస్తే వచ్చిన నష్టమేమిటన్నారు. లారీ డ్రైవరు ఏం చేశాడో కనుక్కున్నావా అన్నారు. కనుక్కుంటే, టార్పాలిన్‌కి చిరుగుందనీ, డ్రైవరు తన దుప్పటి తీసి కాయల మీద కప్పి తను తడుస్తూ కూర్చున్నాడనీ తెలిసింది.

నాలుగోసారి ఇలా తయారైంది. “మంగళవారం వాన పడింది. టార్పాలిన్‌కి చిరుగుంది. పంపేముందు మేం చూసుకోలేదు, తప్పు మాది. డ్రైవరు తన దుప్పటి కప్పి సగం కాయలు కాపాడాడు. మిగతా సగానికి బదులు కొత్త కాయలు శుక్రవారం బయలుదేరతాయి.” చిన్నతల్లి దీన్ని తడుముకోకుండా తిరిగి చెప్పడమే కాకుండా, ఆ డ్రైవరుకి జలుబు చేసిందేమోనని బెంగ కూడా పెట్టుకుంది. వారం తిరక్కుండా ఇండోర్ షావుకారు దగ్గర్నుంచి ఒక పార్సిల్ వచ్చింది. అందులో ఫిర్యాదు లేదు. డ్రైవరుకి కొత్త దుప్పటి ఉంది.

ఆయన పిచ్చి వచ్చే ఉత్తరాలకు కూడా పాకింది. ఒకసారి ఒక బ్యాంకు నుంచి మూడు పేజీల లేఖ వచ్చింది. చిన్నతల్లికి వినిపించారు. ఆవిడ మొదటి పేజీలో చెమట తుడుచుకుంది, రెండో పేజీలో నిద్రపోయింది. గౌరీశంకరం గారు దాన్ని కవరులో పెట్టి, “మా చిన్నతల్లికి అర్థం కాలేదు. దయచేసి మళ్ళీ రాసి పంపగలరు” అని చీటీ జతచేసి తిప్పికొట్టారు. మర్నాడు బ్యాంకు మేనేజరు చిన్నతల్లి గారంటే పెద్ద వాటాదారేమోనని హడలిపోయి ఆటో కట్టించుకుని వచ్చాడు. ముక్కాలిపీట ముందు నిలబడి ఒక్క సంతకం తగ్గిందని పది మాటల్లో చెప్పాడు. ఆ పది మాటలే రాసుండాల్సిందని, కొబ్బరి బొండం తాగుతూ తనే ఒప్పుకుని వెళ్ళాడు.

వినడానికి ఇవన్నీ సరదాగానే ఉంటాయి. రోజూ ఉత్తరాలు రాసేవాళ్ళకి ఉండవు. ఇంగ్లీషులో వెళ్ళే ఉత్తరాన్ని ముందు తెలుగులో రాయాలి, వినిపించాలి, చింపించుకోవాలి, మళ్ళీ రాయాలి, చివరికి ఇంగ్లీషు చెయ్యాలి. నేరుగా ఇంగ్లీషులో రాస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. తెలుగులో చెప్పడానికి సిగ్గేసిన మాటలే ఇంగ్లీషులోకి పారిపోయి దాక్కుంటాయన్నారు. ఏడాది తిరిగేసరికి శ్రీవిద్య కలలో కూడా కాగితం చిరిగిన చప్పుడు వినపడసాగింది.

ఒకరోజు ప్రాణం విసిగి, దుర్గాప్రసాద్ దగ్గర వాపోయింది. యజమాని పెద్దాయన, అంటే అతని తండ్రి, మోకాళ్ళ నొప్పులతో కంపెనీకి రావడం మానేశాక పెత్తనం ఆ అబ్బాయిదే. ఉత్తరాలు వినిపించడంతోనే పూట గడిచిపోతోందండీ అని మాత్రమే అంది శ్రీవిద్య. అతను ఆలోచించి, ఇంత చిన్న విషయానికి ఇంత బాధెందుకు, ఆ వినే పోస్టు తీసేద్దాం, ఆవిడకి ఆ ఉత్తరమేదో మీరే రాయండి అన్నాడు.

శ్రీవిద్య అడిగింది పూటలో కాస్త తీరిక. తీసేస్తున్నది చిన్నతల్లిని. ఒంటరి మనిషి, ఈ వయసులో, ఈ జీతం పోతే ఇంకెక్కడా పనిలోకి తీసుకోరు. అయినా యజమాని మాట. రాసింది. “సంస్థ పునర్వ్యవస్థీకరణలో భాగంగా మానవ వనరుల పరిమాణాన్ని క్రమబద్ధీకరించుటకు నిర్ణయించడమైనది.” దుర్గాప్రసాద్ ఫోనులో చూసి, అద్భుతంగా ఉంది, ముద్ర వేయించి తెండి, సంతకం పెట్టేస్తానన్నాడు.

ముద్ర గౌరీశంకరం గారి సొరుగులో ఉంది.

“ఈ ఒక్కటీ వినిపించొద్దండీ మేనేజరుగారూ,” అంది శ్రీవిద్య గొంతు తగ్గించి. “ఇది... వేరే అండీ.”

ఆయన కాగితం వైపు చూశారు. ఎంతసేపు చూశారో, ఏం గ్రహించారో మొహం చెప్పలేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

“ఒక్కటి వదిలేస్తే రేపట్నుంచి అన్నీ ఆ ఒక్కటే అవుతాయమ్మా. చదువు.”

చదివింది. చిన్నతల్లి ఆయ్ అంది. తిరిగి చెప్పమంటే, కంపెనీకి ఒంట్లో బాగున్నట్టు లేదనీ, కాస్త సన్నబడమని డాక్టరు చెప్పినట్టుందనీ చెప్పింది. ఉత్తరం చిరిగింది. ఏడాదిలో మొదటిసారి ఆ చప్పుడు శ్రీవిద్య చెవికి ఇంపుగా ఉంది.

మర్నాడు “శ్రోత పదవి అనవసరమైనదిగా పరిగణించబడినది” అని తెచ్చింది. చిన్నతల్లి చాలాసేపు ఆలోచించింది.

“ఎవరో ఎవర్నో ఒద్దంటున్నారండీ. అన్నాయన పేరు లేదు, అనిపించుకున్నావిడ పేరూ లేదండి.”

“మొహానికి గుడ్డ కట్టుకుని తిరుగుతోందమ్మా ఈ ఉత్తరం,” అన్నారు గౌరీశంకరం గారు నీరసంగా, చింపుతూ.

మూడోరోజూ చిరిగింది. నాలుగోరోజుకి శ్రీవిద్య దగ్గర కప్పుకోడానికి మాటలు అయిపోయాయి. పైన దుర్గాప్రసాద్ తొందరపెడుతున్నాడు. బస్సులో నిలబడే రాసుకొచ్చిన కాగితాన్ని, తలెత్తకుండా చదివింది.

“చిన్నతల్లి గారికి. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మీరు పనికి రావద్దు. పదమూడేళ్ళుగా మా ఉత్తరాలన్నీ విన్నారు. మీ వల్ల ఒక్కటీ పాడవలేదు. అయినా మీకిచ్చే జీతం దండగని నాకనిపించింది. అందుకని తీసేస్తున్నాను. ఇట్లు, దుర్గాప్రసాద్.”

ఫ్యాను తిరుగుతోంది. చిన్నతల్లి ఈసారి ఆయ్ అనలేదు.

“ఒకటో తారీకు నుంచి నన్ను రావద్దన్నారండి. పదమూడేళ్ళు విన్నానన్నారు. నా వల్ల ఏదీ చెడలేదన్నారు. అయినా జీతం దండగని చిన్నబాబుగారికి అనిపించిందంట. తీసేసేరండి.” శ్రీవిద్య వైపు తిరిగి, “బాగా రాసేరండీ పాపగారూ. ఎక్కడా అడ్డం తగల్లేదు” అంది. “ఇంకో ఉత్తరం ఏవన్నా ఉందాండీ, లేవమంటారా?”

శ్రీవిద్య గౌరీశంకరం గారి వైపు చూసింది. ఏదో ఒక వంక పెట్టి చింపుతారనుకుంది. ఆయన చింపలేదు. సొరుగు లాగి, ముద్ర తీసి, తిన్నగా వేశారు.

“అర్థమయ్యిందన్నారు కదమ్మా. తీసుకెళ్ళి సంతకం పెట్టించు.”

మెట్లెక్కుతుంటే శ్రీవిద్యకు ఆ మనిషి మీద మొదటిసారి నిజంగా కోపమొచ్చింది. దుర్గాప్రసాద్ కలం మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. కాగితం అందుకుని సంతకం చోటు వెతుక్కుంటూ మధ్యలో ఆగాడు. మొదట్నుంచీ చదివాడు.

“ఇదేంటండీ, ఇలా రాసేరు?”

“ఆవిడకి అర్థమయ్యేలా రాసేనండి.”

“మొన్నటిది బావుంది కదండీ. అది తెండి, పెట్టేస్తాను.”

“అది చిరిగిపోయిందండి.”

“ఇందులో నేనే తీసేస్తున్నట్టుందేంటండీ?”

“మరి తీసేస్తున్నది మీరే కదండీ.”

అతను మళ్ళీ చదివాడు. కిటికీలోంచి కిందికి చూశాడు. చిన్నతల్లి ముక్కాలిపీటని ఎండలో పెట్టి తుడుస్తోంది, తర్వాత వచ్చేవాళ్ళ కోసం కాబోలు. అతను కలానికి మూత పెట్టాడు.

“ఇలాంటి దాని మీద సంతకం ఎవడు పెడతాడండీ,” అన్నాడు విసుగ్గా. “ఉండనివ్వండి ఆవిణ్ణి.” నాలుగు రోజుల తర్వాత తనే కిందికి దిగి, సూరత్‌కి రాసిన ఒక జవాబు చేత్తో పట్టుకుని, ఆవిడ ఖాళీగా ఉందా అని గుమ్మంలో నిలబడి అడిగాడు. అది రెండుసార్లు చిరిగింది.

అయితే కాగితాల్లో లెక్క తేలాలి కదా, అసలీ శ్రోత పోస్టు ఎప్పుడు ఎవరు పెట్టారో చూసి చెప్పమన్నాడు దుర్గాప్రసాద్. శ్రీవిద్య దుమ్ము దులిపి పదమూడేళ్ళ కిందటి ఫైలు తీసింది. తీసి, నవ్వాపుకోలేక ఖాళీగా ఉన్న ముక్కాలిపీట మీదే కూలబడింది. ఆ ఏడాది ఆగస్టు దాకా ఉన్న ఉత్తరాలన్నీ గౌరీశంకరం గారివే. “తమరి అమూల్య లేఖారాజమును శిరసావహించి, తత్సంబంధిత విషయమై సవినయముగా విన్నవించుకొనునదేమనగా” అంటూ మొదలెట్టి, ఊపిరి తీసుకోకుండా పదహారు పంక్తులు. అరుగు కాదు కదా, కాలు మోపడానికి చోటు లేదు.

ఆగస్టులో ఒక చిన్న కాగితం. ఒలుపు షెడ్డులో నేలలో పాతిన ఇనపమొన మీద కాయ ఒలుస్తుండగా చిన్నతల్లి కుడి చేతిలో మొన దిగింది, మూడు వేళ్ళు ముడుచుకోవడం లేదు, ఇక ఒలుపుకి పనికిరాదు. దాని కింద పెద్దాయన రాత: తీసెయ్యండి. దాని కింద, అదే తారీకున, గౌరీశంకరం గారి రాత: “మన ఉత్తరాలు ఎవరికీ అర్థం కావడం లేదు. విని చెప్పే మనిషి తక్షణం కావాలి. ఈవిడ తప్ప తగినవారు దొరకలేదు.”

ఆ మర్నాటి నుంచి ఫైల్లో ఒక్క లేఖారాజం లేదు. అన్నీ వాన, లారీ, దుప్పటి లాంటి మాటలే. అంత ఇష్టంగా అల్లుకున్న పదహారు పంక్తుల వాక్యాలను ఆ మనిషి ఒక్క రోజులో వదిలేశాడు. ఆ పోస్టు ఉత్తుత్తిదని ఎవరికీ అనుమానం రాకూడదు కదా. మొట్టమొదట చింపింది ఎవరి ఉత్తరాలో శ్రీవిద్యకు అప్పుడర్థమైంది.

ఫైలు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి, ఆ పేజీ మీద వేలుంచింది. గౌరీశంకరం గారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. తీసి తుడిచి మళ్ళీ చూశారు.

“ఈ సంతకం నాది కాదు.”

“కింద మీ పేరుందండీ.”

“గౌరీశంకరాలు ఒక్క పలివెలలోనే నలభైమంది ఉంటారమ్మా.”

“రాత మీదేనండీ.”

“నేనింత బాగా ఎప్పుడూ రాయలేదు. ఆవిడ చేతికి దెబ్బా తగల్లేదు, పెద్దాయన తీసెయ్యమనీ అన్లేదు, నాకంత మంచి బుద్ధి పుట్టనూ లేదు. ఎవడో పనిలేనివాడు అల్లిన కథ.” ఆయన ఫైలు మూసి, అలసటగా ఆమె వైపు నెట్టేశారు. “ఇందులో ఒక్క ముక్క కూడా జరగలేదు.”