విశాఖలో ఈ రోజు నేను వంట చేయలేదు

విశాఖలో మా పన్నెండు రోజుల సెలవులు ఎల్లుండితో అయిపోతాయి. పాకాల నుంచి ఎనిమిది మందిమి వచ్చి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఇన్నాళ్లూ వంట నాదే. ఈ రోజూ అందరూ బీచికి బయల్దేరుతుంటే మా పెద్దాడపడుచు చెప్పులేసుకుంటూ, "నువ్వు ఈడనే ఉండి పులుసు చేసిపెట్టు. సముద్రం యాడికీ పోదులే" అంది.

"సముద్రం పోదు వదినా, నేనే పోతాండా" అని స్టవ్ ఆపేసి వాళ్లకంటే ముందే గడప దాటాను. మా ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు.

బీచిలో వాళ్లకు దూరంగా, మోకాళ్లదాకా నీళ్లలో చాలాసేపు ఒంటరిగా నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి, నాకంటే ముందే ఇల్లు చేరి అందరూ ఖాళీ గిన్నెల ముందు కూర్చుని ఉన్నారు.

"ఇప్పుడు మేమేం తినాల?" అని వదిన అరిచింది.

నేను వెళ్లి తడి చీర మార్చుకున్నాను. మిగిలిన రెండు రోజులూ ఇంతే. వాళ్లమీద జాలిపడేవాళ్లు కామెంట్లో చెప్పండి, అడ్రసు పెడతాను, వచ్చి వండిపెట్టండి.