తుపాకి పరీక్ష తప్పిన మా పెద్దనాన్న

మా పెద్దనాన్న పోయిన వార్త నాకు నేను పాఠాలు చెప్పే స్కూల్లో ప్రార్థన జరుగుతుండగా తెలిసింది. పెద్దమ్మ ఫోన్ చేసి, "బిడ్డా, మీ పెద్దనాన్న లేస్తలేడే" అంది. దవాఖానాకు తీసుకుపోయేసరికే ప్రాణం లేదన్నారు. నిద్రలో గుండె ఆగిందట. అది విని నేను ఏడవడానికి ముందు హమ్మయ్య అనుకున్నాను. దుమ్ముగూడెం వైపు అడవి స్టేషన్లలో ఏళ్ల తరబడి ఎస్సైగా పనిచేసి, నక్సలైట్ అన్నల కోపం మూటగట్టుకుని రిటైరైన మనిషి ఇంట్లో, మంచం మీద, నిద్రలో పోవడం మేమెవరమూ ఆశ పెట్టుకోని భాగ్యం.

తెల్లారేసరికి ఖమ్మం ఖానాపురం హవేలిలో మా వీధి మొదట్లో రిటైర్డ్ ఆఫీసర్ల తరఫున ఫ్లెక్సీ లేచింది. "ధైర్యానికి మారుపేరు, మా ఆత్మీయుడు" అని పెద్ద అక్షరాలు. కింద వరసగా వాళ్ల ఫొటోలు, ఆయన ఫొటో కంటే వాళ్లవే పెద్దవి. నాకు ఒళ్లు మండిపోయింది. చివరి రెండేళ్లు ఆయన గడప తొక్కనివాళ్లకు ఆత్మీయుడెలా అయ్యాడో వాళ్లకే తెలియాలి. ఇదంతా మీకు అర్థం కావాలంటే ఆయన తుపాకి సంగతి చెప్పాలి.

బీఈడీ చదవడానికి వాళ్లింటికి వచ్చి, ఉద్యోగం దొరికాక కూడా అక్కడే ఉండిపోయినదాన్ని నేను. ఆయనకు లైసెన్స్ ఉన్న రివాల్వర్ ఒకటి ఉండేది. బయటికి వెళ్తే అది నడుముకు ఉండాల్సిందే. దాన్ని దాచడానికి చొక్కాలు వదులుగా, పొడుగ్గా కుట్టించుకునేవాడు. ఎండ ఎంత మండినా చొక్కా పైకి మడిచేవాడు కాదు, షేర్ ఆటోలో ఎవరి పక్కనా ఒరుసుకుని కూర్చునేవాడు కాదు. అన్నేళ్లలో ఆ తుపాకిని నేను చూసింది, ఆయన తలుపు దగ్గరికి వేసుకుని తుడుచుకుంటున్నప్పుడు, అదీ పొరపాటున. "దాసుకోవాలె బిడ్డా. పదిమందికి కనవడితే అది తుపాకి కాదు, పొగరు" అనేవాడు.

ఆయనతోపాటు రిటైరైన మిగతా సార్ల తుపాకులు మాత్రం ఊరందరికీ తెలుసు. ఖమ్మం చుట్టూ భూముల రేట్లు పెరిగిన రోజులు కదా, వాళ్లకు కొత్త ఉద్యోగాలు దొరికాయి. ప్లాట్ల తగాదా ఎక్కడుంటే అక్కడికి వెళ్లి కుర్చీలో వెనక్కి వాలేవాళ్లు. చొక్కా దానంతటదే కొంచెం పైకి లేచేది. ఆ తర్వాత అవతలివాడు నోరెత్తేవాడు కాదు. వీళ్లందరికీ పెద్ద, మా పెద్దనాన్నకు పాత దోస్తు, మేమంతా సర్కిల్ సార్ అని పిలిచే ఆయన. మా ఇంటికి వస్తే సోఫాలో కూర్చుని, రివాల్వర్ తీసి టీపాయ్ మీద పెట్టి చాయ్ తాగేవాడు. ఆయన వెళ్లాక మా పెద్దనాన్న వాష్‌బేసిన్ దగ్గరికి పోయి నోరు పుక్కిలించేవాడు. "ఛీ! నోరు చేదైతది వీన్ని చూస్తే" అనేవాడు. అయినా మళ్లీ వస్తే మళ్లీ చాయ్ పెట్టించేవాడు, ముప్పై ఏళ్ల స్నేహం మరి.

ఇట్లా ఉండగా పైనుంచి ఒక ఆర్డర్ వచ్చింది. తుపాకి దాచుకుని తిరిగే రిటైర్డ్ ఆఫీసర్లు ఏటా ఫైరింగ్ రేంజ్‌కు వచ్చి, అట్ట మీద గురి చూసి కాల్చి చూపించాలి. పాసైతేనే లైసెన్స్ కొనసాగుతుంది. ఎంత మంచి రూలు! మనవాళ్లు దాన్ని ఏం చేశారో వినండి. సార్లు వచ్చి షామియానా కింద కుర్చీల్లో కూర్చుంటారు. మీసాలాయన ఒక కానిస్టేబుల్ ఉంటాడు, గురి బాగా కుదిరిన మనిషి. ఒక్కొక్క సారు పేరు పిలుస్తారు. ఆ సారు తరఫున కానిస్టేబుల్ కాలుస్తాడు. అట్ట నిండా బొక్కలు. సారు పాస్. తర్వాత అందరికీ బిర్యానీ. కొందరైతే ఆ బొక్కల అట్టను ఇంటికి తెచ్చుకుని గోడకు తగిలించుకున్నారు కూడా. ఇంత సిగ్గుమాలిన పని ఏటా జరిగేది, దానికి వాళ్లు పెట్టుకున్న పేరు గెట్ టుగెదర్.

మా పెద్దనాన్న మాత్రం ఏటా లేచి తనే కాల్చేవాడు. తనే పాసయ్యేవాడు. అది చూసి మిగతావాళ్లు నవ్వుకునేవాళ్లట.

తర్వాత ఆయనకు చిన్నగా పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, కుడిచెయ్యి వణుకు మాత్రం పోలేదు. ఆ ఏడు స్కూటర్ నడపలేడని నా స్కూటీ మీద నేనే రేంజ్‌కు తీసుకుపోయాను. పేరు పిలవగానే లేచాడు. రెండు చేతులతో రివాల్వర్ పట్టుకుని, ఊపిరి బిగబట్టి కాల్చాడు. అట్ట వెనకున్న మట్టికట్ట మీద దుమ్ము లేచింది. మళ్లీ కాల్చాడు. మళ్లీ దుమ్మే. తూటాలన్నీ అయిపోయాయి, అట్ట మీద గీత కూడా పడలేదు. నాకు ఆయన వైపు చూడబుద్ధి కాలేదు.

పరీక్ష పెట్టే ఆఫీసరు పరుగెత్తుకొచ్చాడు. "చాలు సార్, మీరు కూసోండ్రి. మావోడు కొడతడు, మీ పేరు మీద రాసుకుంటం."

పెద్దనాన్న ఆ కానిస్టేబుల్‌ను ఎగాదిగా చూశాడు. "నన్ను సంపెటోడు వచ్చిననాడు ఈయన నా పక్కనుంటడా?"

హాస్యమాడాడనుకుని షామియానా కింద అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఫెయిల్ అని రాయి" అన్నాడు.

"ఫెయిలేంది సార్? రిటైర్డ్ సార్లను ఎన్నడన్న ఫెయిల్ చేసినమా?"

"అవ్, చెయ్యలేదు. గందుకే చెప్తున్న. రాయి."

అప్పటికే పాసై తింటున్న సర్కిల్ సార్ బిర్యానీ చేత్తోనే లేచి వచ్చాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా అన్నా? నువ్వు ఫెయిలైతే మేమంతా ఏమైతం? ఇజ్జత్ తీస్తున్నవ్ కదనే!" ఆ మాటతో పెద్దనాన్న ముఖంలో కనబడిన అసహ్యం నేను మళ్లీ ఎవరి ముఖంలోనూ చూడలేదు. రివాల్వర్ తెరిచి, ఖాళీ తూటా గొట్టాలు రాల్చి, ఆ ఆఫీసరు ముందు బల్ల మీద పెట్టి, లైసెన్స్ కూడా దాని పక్కనే పెట్టి, "పదవే బిడ్డా" అన్నాడు.

దారిలో స్కూటీ ఆపి గట్టిగానే అడిగాను. "నీ మీద పగ పెట్టుకున్నోళ్లు ఇంకా ఉన్నరు పెద్దనాన్నా. రేపు ఏమన్నయితే?"

"అయితే అయితది. చెయ్యి గిట్ల వణుకుతుంటే సంతల కాలిస్తే ఏమైతది చెప్పు. నా మీదికొచ్చినోడు తప్పించుకుంటడు, పక్కన కూరగాయలమ్ముకునే ఆమె పోతది. ఆమెను సంపుకుని నేను బతకాల్నా?"

ఇంట్లో పెద్దమ్మ పెట్టిన గోల అంతా ఇంతా కాదు. "సర్కారోళ్లు ఇస్తమంటుంటే నీకేం రోగం? నా మెడల తాడు నీకు అక్కర లేదా?" అని నెత్తి కొట్టుకుంది. మా అన్న, అంటే వాళ్ల కొడుకు, నాన్నతో మాట్లాడటమే మానేశాడు. వాడికి ఎరువుల దుకాణం ఉంది, తండ్రి నడుముకు తుపాకి ఉంటే బాకీలు తొందరగా వసూలవుతాయని వాడి లెక్క. వాడి భయం తండ్రి గురించి కాదు. నా అన్నే అయినా రాయక తప్పదు, అది చూసి నాకు రోత పుట్టింది.

పెద్దమ్మ భయం మాత్రం నిజమైనది. గేటు ముందు మోటార్ సైకిల్ ఆగిన చప్పుడైతే చాలు, చేతిలో ఏ పనున్నా వదిలేసి వచ్చి ఆయనకు అడ్డంగా నిలబడేది. "నువ్వెందుకే ముందట నిలవడుతవ్? నీకేమన్న తూటా ఆగుతదా?" అని ఆయన నవ్వేవాడు. "ఆగనీ, ఆగకపోనీ. నీకేంది?" అనేది ఆమె. ఆ దినాల్లోనే ఆయన టైలర్ దగ్గరికి పోయి కొత్త చొక్కాలు కుట్టించుకున్నాడు, ఒంటికి సరిపోయేవి. ఇన్‌షర్ట్ చేసుకుని, బెల్టు పెట్టుకుని, అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుని, "ఎట్లున్ననే?" అని నన్ను అడిగాడు. పెళ్లికొడుకులా ఉన్నావన్నాను. సిగ్గుపడ్డాడు.

ఆ తర్వాత తిరుమలాయపాలెంలో ఒక పెళ్లికి పోయాం. బంతిలో సర్కిల్ సార్ మాకు ఎదురుగా కూర్చున్నాడు, అంతకుముందే కొంచెం పుచ్చుకుని వచ్చాడు. కూర్చోబోతుంటే రివాల్వర్ నడుము నుంచి జారింది. దాన్ని పట్టుకోబోయి పేల్చాడు. సాంబారు బకెట్‌తో వస్తున్న వంటమనిషి కూలబడింది. తూటా పాదంలోంచి దూసుకుపోయింది. ఆమె అరుస్తుంటే ఆయన చేసిన మొదటి పని తుపాకిని మళ్లీ చొక్కా కింద దాచుకోవడం. థూ! ఈ మనిషి ఆ ఏడు కూడా బొక్కల అట్టతో పాసయ్యాడు.

సాయంత్రానికి పెళ్లిలో పటాకా పేలి గాయమైందని అందరూ ఒక్క మాట మీదికి వచ్చారు. పెళ్లివాళ్లు కూడా అదే అన్నారు, చూసినవాళ్లూ అదే అన్నారు. మా పెద్దనాన్న దవాఖానాకు పోయి ఆ వంటమనిషిని చూసి వచ్చాడు. అన్నం ముందు కూర్చుని కలపలేకపోయాడు. లేచి స్టేషన్‌కు వెళ్లి, తన కళ్లతో చూసింది చూసినట్టు చెప్పి సంతకం పెట్టాడు. వద్దని మొత్తుకున్నవాళ్లతో, "నాకు ఆమె కాలు కనవడుతుందిరా, మీకు కనవడ్తలేదా?" అన్నాడు. అంతే, ఆ రోజునుంచి రిటైర్డ్ సార్లందరికీ ఆయన ద్రోహి అయ్యాడు. ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయేవాళ్లు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. సర్కిల్ సార్ తుపాకి మాత్రం ఆయన దగ్గరికే తిరిగొచ్చింది.

మొన్న అస్థికలు కలపడానికి భద్రాచలం గోదావరికి పోయాం. రెండు కార్లలో రిటైర్డ్ సార్లూ వచ్చారు, నల్ల కళ్లద్దాలతో. అన్న గుండుతో, తడిబట్టలతో నీళ్లలోంచి బయటికి వస్తుంటే సర్కిల్ సార్ వాడి భుజం మీద చెయ్యి వేశాడు. పెద్దమ్మ వైపు తిరిగి, "వదినా, మా అన్న పట్టుదలకు పోయి తుపాకి సరెండర్ చేసిండు. ఇంటికి రక్షణ ఉండొద్దా? బాబు పేరు మీద లైసెన్స్ పెట్టిద్దాం. పరీక్ష సంగతి మనోళ్లు చూసుకుంటరు" అన్నాడు. అన్న తల్లి ముఖంలోకి చూశాడు. వాడి కళ్లలో ఆశ స్పష్టంగా కనబడింది.

ఆయన బతికున్నన్నాళ్లూ ఆ తుపాకి కోసం తగువాడిన మనిషి పెద్దమ్మ. ఏమంటుందోనని నేను దగ్గరికి జరిగాను. ఆమె కొంగు పిండుకుంటూ, "అట్లనే మరిదీ, మాట్లాడుకుందాం. ఆయన కోసం వచ్చిండ్రు గద, ముందుగాల గోదాట్ల మునిగి రాండ్రి" అంది.

సర్కిల్ సార్ చెయ్యి అన్న భుజం మీదినుంచి నడుము మీదికి పోయింది. తుపాకి తడపడానికి లేదు. ఒడ్డున పెట్టిపోదామంటే కాపలాకు ఎవరినీ నమ్మడానికి లేదు. "నువ్వు పట్టుకో" అని పక్కాయన్ను చూశాడు. పక్కాయన చెయ్యి కూడా నడుము మీదే ఉంది. పెద్దమ్మ వాళ్లకేసి మళ్లీ చూడలేదు. అన్న చెయ్యి పట్టుకుని నీళ్లలోకి నడిచింది, వాడు వెంట వెళ్లాడు. నేనూ దిగాను. ముక్కు మూసుకుని మునిగి లేచేసరికి, ఎండలో ఇసుక మీద వాళ్లంతా వరసగా నిలబడే ఉన్నారు, తలా ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని, పొడిగా.