ఎర్రగుడ్డ ముడి

నిన్న పొద్దున మా షెడ్డు ముందునుంచి ఇనుప కమ్మీల ట్రాక్టరు ఒకటి పోయింది. వెనక్కి పొడుచుకొచ్చిన కమ్మీల చివర ఎవరో ఎర్రగుడ్డ కట్టారు. గాలికి అది టపటపా కొట్టుకుంటున్నంతసేపూ దాన్నే చూస్తూ టీ చల్లార్చుకున్నాను. మస్తాన్ సాయిబు గుర్తొచ్చిన ప్రతిసారీ నాకిదే బాధ.

దేశానికి స్వతంత్రం వచ్చిన కొన్నేళ్లకు, ఆత్మకూరులో బస్సులు ఆగేచోటికి కాస్త అవతల ఆయన రిపేరు షెడ్డు ఉండేది. నేను అందులో మెకానిక్కుని. అప్పటికే ఇద్దరు పిల్లల తండ్రిని, అయినా పనంటే ఏమిటో తెలిసింది ఆయన దగ్గరే. ఆయన తిట్టేవాడు కాదు, పొగిడేవాడూ కాదు. తాత్కాలికంగా అతికిన బండి ఏదైనా సరే, స్టీరింగుకు ఎర్రగుడ్డ కట్టేవాడు. ఆ ముడి ఆయన విప్పితేనే బండి షెడ్డు దాటాలి. ఎంత పెద్దమనిషి వచ్చి అడిగినా, "ముడి విప్పినోడిదే పూచీ" అని తన పని తాను చూసుకునేవాడు.

ఉదయగిరి వైపు ఒక భూస్వామి కొడుకు, అందరూ చిన్నరెడ్డి అనేవాళ్లు, మద్రాసులో ఎవరో తెల్లదొర వదిలిపోయిన పాత స్పోర్ట్స్ కారు తెచ్చుకున్నాడు. రెండే సీట్లు, వినయం అసలు లేని చప్పుడు. ఒకరోజు దాని గేరు కర్ర వట్టిగా ఊగిపోయింది. కర్రనూ గేరుబాక్సునూ కలిపే కడ్డీ వంపు దగ్గర విరిగింది. ఎద్దులను కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. కొత్త కడ్డీ కోసం మస్తాన్ సాయిబు మద్రాసుకు ఉత్తరం రాశాడు. ఈలోగా మిగతా గేర్లు సరిచూసుకోవడానికి పాత కడ్డీని నేను కొలిమిలో కాల్చి అతికాను. ఆకురాయితో నున్నగా రుద్దితే అతుకు ఎక్కడుందో కంటికి కనపడలేదు.

ఆయన దాని మీద బొటనవేలు నడిపి చూశాడు. "అతుకు బాగుండాది. బాగుండాదని కొండెక్కించమాక" అంటూ ఎర్రగుడ్డ కట్టాడు. నాకు మొదటి మాటే వినపడింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన నమాజుకు పోయినప్పుడు చిన్నరెడ్డి తన డ్రైవరు వెంకయ్యను బస్సులు ఆగేచోటే ఉండమని, తానొక్కడే షెడ్డులోకి వచ్చాడు. సీతారామపురంలో ఉన్న బావమరిదిని ఆ కారులోనే పిలిపించుకోవాలట.

"సాయిబు రానీండయ్యా" అన్నాను.

"అతికింది ఎవురు? ఆయనా, నువ్వా?"

"నేనే."

"నీ పని మీద నీకే నమ్మకం లేదా ఏంది?"

ఆ ఒక్కమాటకు పడిపోయాను. ముడి విప్పింది ఈ చేతులే.

ఉదయగిరి దాటాక ఎత్తులో గేరు మారుస్తుంటే అతుకు ఊడింది. ఆ ముసలి బ్రేకులు కారును ఆపలేకపోయాయి. అది వెనక్కి జారి వాగులో పడింది. వెంకయ్య కుడికాలు మోకాలి కింద తీసేశారు.

మర్నాడు చిన్నరెడ్డి పదిమందిని వెంటేసుకొచ్చి, "నీ అతుకు నమ్మి మనిషి కాలు పోగొట్టుకున్నాడు గదా సాయిబూ" అన్నాడు. మస్తాన్ సాయిబు నావైపు తిరిగాడు.

"గుడ్డ ఉన్నిందా లేదా బండికి?"

"గుర్తులేదన్నా."

"అట్నా" అని చేతులు కడుక్కోవడానికి పోయాడు. నిజం తెలిసిన చిన్నరెడ్డి మీసం దువ్వుకున్నాడు. చిన్నరెడ్డిని అనుకొని ఏం లాభం, నాకు నోరు లేకపోయిందా?

ఆ తర్వాత ఒక్కొక్క బండీ రావడం మానేసింది. ఏడాది తిరక్కుండా ఆయన షెడ్డు నాకప్పగించి అనుమసముద్రంపేట చేరి, దర్గా దగ్గర పూల చాదర్లు అమ్ముకున్నాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది. చాన్నాళ్లకు ధైర్యం చేసి ఆయన దగ్గరికి పోయాను. "అన్నా, ఆ ముడి..." అనబోయాను.

"తెలుసులేరా. ఆ పొద్దు నువ్వు నోరు తెరుస్తావని సాయంత్రం దాకా చూసినా."

"మరి నువ్వన్నా చెప్పలేదే?"

"నేను చెప్తే ఏముండాది? అది నువ్వు చెప్పాల్సిన మాట."

అంతలో ఎవరో చాదరు అడిగితే అటు తిరిగాడు. ఒక్క దెబ్బ కొట్టి ఉంటే బాకీ తీరిందనుకునేవాణ్ణి. కొట్టనందుకు ఈనాటికీ ఆయన మీద కోపమే.

అతికిన ప్రతి బండికీ నేనూ ఎర్రగుడ్డ కడతాను. కుర్రవాళ్లు అది దిష్టికనుకుంటారు. మేస్త్రీ జాగ్రత్త మనిషని ఊళ్లో పేరు. వెంకయ్య బతికున్నన్నాళ్లూ ఆత్మకూరు వచ్చినప్పుడల్లా కర్ర పొడుచుకుంటూ మా షెడ్డుకే వచ్చి కూర్చునేవాడు. తన కాలు తీసిన మస్తాన్ సాయిబును నోరారా తిట్టేవాడు. నేను టీ తెప్పించి ఇచ్చేవాణ్ణి.